పిక్కలు పిసికే డాక్టరు

హిందూపురానికి వారంలో రెండు దినాలు పోయాయి. పెనుకొండకు రెండు, ధర్మవరానికి రెండు. మూడు ఊళ్లలో మూడు కుర్చీలు ఖాళీ అయ్యాయి. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడింటిలోనూ రోగిని ప్రేమగా తిట్టగలిగిన నోరు ఒకటి మూతపడింది. మోకాలి మీద కొట్టి చూసే చిన్న సుత్తి ఒకటి మిగిలింది గానీ, దాన్ని పట్టుకొనే చేయి లేదు. పోయినవన్నీ ఇట్లా కూడుకుంటూ పోతే మొత్తం వేయడం నా వల్ల కావడం లేదు. డాక్టర్ అబ్దుల్ రవూఫ్ గారు గత శుక్రవారం వేకువ నమాజు ముగించుకొని, పెనుకొండలో తమ ఇంటి అరుగు మీద కూర్చొని, అట్లే ఒరిగిపోయారు. వారికి డెబ్బై ఒక్క ఏండ్లు. ఆ వార్త విన్నప్పుడు నేను, నా భార్య నాగరత్న ధర్మవరం బస్టాండులో ఉన్నాము. వారి దగ్గరకే బయలుదేరాము. వారు అడిగిన రిపోర్టు నా జేబులో ఉంది.

వారి అసలు పేరు కంటే జనం పెట్టిన పేరే మా పక్క ఎక్కువ ప్రసిద్ధం. పిక్కలు పిసికే డాక్టరు అంటే ఏ ఆటోవాడైనా నేరుగా క్లినిక్కు ముందు దించేవాడు. ఎవరు ఏ బాధతో వచ్చినా, స్టెతస్కోపు చెవులకు తగిలించుకోక ముందే తొడ, పిక్క, భుజం పిసికి చూసేవారు. లేపాక్షి నుంచి వచ్చిన ఒక అవ్వ ఒకసారి కాలు వెనక్కి లాక్కొని, "ఏమప్పా, దగ్గని వస్తే కాళ్లు పిసుకుతాండావు? నా మొగుడు కూడా ఇంత సేవ చెయ్యలేదు" అంది. బెంచీల మీద ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. "మీ ఆయనకు డాక్టరు సీటు రాలేదులే అవ్వా" అని అందరికంటే ఎక్కువగా నవ్వింది వారే.

వారికి ప్రీతిపాత్రమైన రక్తపరీక్ష ఒకటుంది. క్రియాటిన్ కైనేస్ అనే ఎంజైము పరీక్ష. అందరూ సీకే అంటారు. కండ పని చేసేటప్పుడు అప్పటికప్పుడు శక్తి అందేలా చూసే పదార్థమది. దాని స్థానం కండలోపల; కండ దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. నేను ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ణి. పట్టుచీరల అంగట్లో లెక్కలు రాస్తూ, అంకెలతో నా అంతట నేనే స్నేహం చేసుకున్నాను. నాకు అర్థమయ్యేలా వారు చెప్పిన తీరు ఇది: "చూడప్పా లెక్కలాయనా, బండి మింద చెనిక్కాయల మూట పోతాండాది అనుకో. మూటకు చిల్లి పడితే దారెంబడి కాయలు రాలతాయి. రాలిన కాయల్ని బట్టి చిల్లి ఎంతుండాదో చెప్పొచ్చు. ఎట్ల పడిందో చెప్పల్యాం. దానికి బండి కాడికి పోయి మూటను తడిమి చూడాల్సిందే."

గుండె కూడా కండే కాబట్టి అందులోనూ ఈ ఎంజైము ఉంటుంది. ఒకప్పుడు గుండెపోటును పట్టుకోవడానికి ఇందులో గుండెకు సంబంధించిన భాగాన్నే కొలిచేవారట. ఇప్పుడు ఆ పనికి ట్రోపోనిన్ అనే నికరమైన పరీక్ష వచ్చింది. "నా పాత దోస్తుకు గుండె డిపార్టుమెంటులో రిటైర్మెంటు ఇచ్చేసినారు. కండల డిపార్టుమెంటులో ఇంకా సర్వీసు ఉండాది" అనేవారు.

ఆ పాత దోస్తే మా ఇంటి దీపాన్ని నిలబెట్టింది. నాగరత్న చిన్నప్పటి నుంచి మగ్గం నేస్తుంది. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చొని నేసే మగ్గం మాది. రెండేండ్ల కిందట ఆమె ఆ గుంతలోంచి లేవలేకపోయింది. రెండు చేతులు ఊని, ఎవరో ఒకరు చంకల కింద పట్టి లేపితేనే లేచేది. జడ వేసుకోవడానికి చేతులు పైకి లేచేవి కావు. ఒకచోట రక్తం పరీక్ష చేయిస్తే ఎస్‌జీఓటీ అనే ఎంజైము ఎక్కువుంది, లివరు చూసుకోండి అన్నారు. లివరు మాట వినగానే మా అత్త పచ్చకామెర్లని తేల్చేసింది. పసరు పోయించింది. ఉప్పు, నూనె మాన్పించింది. నెలల తరబడి మజ్జిగన్నం తిని ఆమె ఇంకా నీరసపడింది. కండలు కరిగిపోయే జబ్బులు కొన్ని ఉంటాయని, వాటికి మందు లేదని ఎవరో నా చెవిన వేశారు. అప్పటి నుంచి నాకు కంటి నిండా నిద్ర లేదు.

నడి వేసవిలో, పచ్చకామెర్లని చెప్పి రవూఫ్ సారు దగ్గరకు తీసుకుపోయాను. ఆమెను చూడగానే, "ఈ ఎండల్లో శాలువా ఏందమ్మా?" అన్నారు.

"సలి సార్."

"ధర్మవరంలో సలి నీకొక్కదానికే పెట్టినట్టుండాది. పచ్చకామెర్లని ఎవరు చెప్పినారు? కండ్లు మల్లెపూల మాదిరి తెల్లగుండాయే."

"మాయమ్మ చెప్పింది."

వాకిట్లో నిలబడిన మా అత్త ఊరుకోలేదు. "పసరు పోసి శానామందిని లేపినా సామీ."

"లేపినావు సరే. నీ బిడ్డను మగ్గం గుంతలోంచి లేపు చూద్దాం."

అత్త గడప దాటి లోపలికి వచ్చింది. వారు నాగరత్న మడమ వెనక సుత్తితో తట్టారు. పాదం చప్పున కదిలింది గానీ, వెనక్కి రావడం మాత్రం తీరిగ్గా వచ్చింది; ఆ నిదానం, ఆ చలి థైరాయిడ్ తగ్గిన గుర్తులట. ఎస్‌జీఓటీ లివరులోనే కాదు, కండలోనూ ఉంటుందని చెప్పి, సీకే, థైరాయిడ్ రెండూ రాశారు. సీకే మూడు వేల ఎనిమిది వందల అరవై వచ్చింది. ఆడవాళ్లకు నూట డెబ్బై దాటరాదని ఆ కాగితం మీదే అచ్చు వేసుంది. థైరాయిడ్ బాగా తక్కువుంది. "భయపడాల్సిన జబ్బులు ఉండాయి, ఇది వాటిలోది కాదు. థైరాయిడ్ తగ్గితే కండ ఇట్లే కారతాది" అని, పొద్దున్నే పరగడుపున వేసుకొనే మాత్ర రాశారు.

మాత్ర మొదలుపెట్టాక సీకే అంకె పదిహేడు వందల ఇరవైకి దిగింది. తర్వాతి పరీక్షలో ఎనిమిది తొమ్మిది వందలు ఉండాలని నేను మనసులో గుణించుకున్నాను. రెండు వేల మూడు వందల నలభై వచ్చింది. అత్తను కూడా వెంటబెట్టుకొని పెనుకొండ బస్సు ఎక్కాము. "లెక్క ఏమంటాండాది?" అని నాగరత్న అడిగితే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

సారు కాగితం చదివి పక్కన పెట్టారు. నాగరత్నను చేతులు కట్టుకొని కుర్చీలోంచి లేవమన్నారు. ఆమె లేచింది. "కాగితంలో జబ్బు ఎక్కింది, మనిషి మాత్రం లేసింది. రెండిట్లో యాదో ఒకటి అబద్ధం చెప్తాండాది. రక్తమిచ్చే ముందు ఏం చేసినారు?"

నాగరత్న వాళ్లమ్మ వైపు చూసింది. అత్తే గొణిగింది. "బత్తలపల్లిలో బలానికి సూదులు ఏపించినా సామీ, రెండు పక్కలా. నీరసం మింద తీస్తే రగతం నీళ్ల మాదిరి వస్తాది, పరీక్షలో నిలబడదు గదా."

మా పక్క ఈ అలవాటు చాలామందికి ఉంది. కండలోకి దించిన సూది ఆ కండనే గాయపరుస్తుందని, ఆ గాయం సీకేలో కనబడుతుందని అప్పుడు తెలిసింది. సారు కండ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. "పరీక్షకు పోయే బిడ్డకు కాపీ చీటీ ఇచ్చి పంపినావు కదమ్మా! పట్టుబడింది చూడు." తర్వాత నా వైపు తిరిగారు. "ఏమప్పా, నీ మొగం చూస్తే ఆమె కంటే ముందు నువ్వే పోయేట్టుండావు. అంకె సాక్ష్యం చెప్తాది. తీర్పు మనిషిని చూసినాకనే."

సూదులు మానిన తర్వాత ఆరు వందల తొంభై వచ్చింది. ఆ రోజు వారు నాకొక షరతు పెట్టారు. "నూట డెబ్బై కిందికి దిగినప్పుడు ఫోను చెయ్యాకు. ఆమెను నడిపించుకొని రా. ఆ అంకె నువ్వు నాకు బాకీ."

శుక్రవారం మేము వెనక్కి తిరగలేదు. పెనుకొండకే పోయాము. నాగరత్న లోపల ఆడవాళ్ల మధ్య చాపమీద కూర్చుంది. జనాజా లేచే వేళకు చేయి ఊనకుండా లేచి నిలబడింది. నేను వాకిట్లోంచి చూశాను. చూడాల్సిన వారు చూడలేదు. వారిని నాలుగడుగులు మోసే భాగ్యం నా భుజానికి దక్కింది. జేబులోని కాగితం గుండెకు ఒత్తుకుంటూనే ఉంది. ఇంత చదువు చదివిన వేళ్లు, ఇంత నవ్వు నవ్విన వైద్యుడు మా మూడు ఊళ్లకు మళ్లీ దొరకరు. వారి పుణ్యస్మృతికి నమస్కరిస్తున్నాను.

సారూ, నూట నలభై ఎనిమిది. ఇంకా బాకీయే ఉంది.