వేలు లేని పుంజు

ఓరెన్ టాల్బట్ మొండివాడని ఆ కొండల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. అమెరికాలోని ఆ ఓజార్క్ కొండల్లో మొండివాళ్లకి కొదవేమీ లేదు. కానీ ఒక పక్షి కోసం తోడబుట్టినవాడి గడప తొక్కకుండా పదకొండేళ్లు కూర్చున్నవాడు ఇతనొక్కడే. పట్టుదల అంటారు దాన్ని కొందరు. నేనైతే తలపొగరంటాను.

గొడవ మొదలైంది తూటాల దగ్గర. తండ్రి పోతూ పోతూ వేటతుపాకీలో వేసే పాత అట్ట తూటాలు ఒక పెట్టెడు వదిలిపోయాడు. పెద్దవాడు డెల్మర్ వాటిని చెరిసగం పంచాడు. ఆ వసంతంలో అన్నదమ్ములిద్దరూ ఏటి గట్టున ఒక అడవి టర్కీ కోడిపుంజు కోసం మాటు వేశారు. దాని ఎడమకాలికి నడిమి వేలు లేదు. ఎప్పుడో ఉచ్చులో పడి తెంపుకుపోయి ఉంటుంది. బురదలో అడుగు చూస్తే చాలు, ఎవరైనా పోల్చుకునేవారు. ఆ తెల్లవారుజామున అది తోక విప్పుకుని, ఈకలు ఉబ్బించుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. ఓరెన్ తుపాకీ గురిపెట్టి మీట నొక్కాడు. టిక్కుమంది, అంతే. పుంజు కాస్తా ఎగిరిపోయింది.

డెల్మర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "తూటాలు తీసుకెళ్లి నేలమాళిగలో బంగాళాదుంపల పక్కన పెడితే చెమ్మెక్కవట్రా?"

"చెమ్మా లేదు, గిమ్మా లేదు. చచ్చు తూటాలన్నీ ఏరి నా వాటాలో పడేశావు."

"కళ్లు మూసుకుని పంచాన్రా!"

"ఆ, మూసుకునే దోచావు."

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆదివారం చర్చి వాకిట్లో, నలుగురూ వింటుండగా, ఓరెన్ అదే మాట మళ్లీ అన్నాడు. పైగా ఒట్టొకటి. "ఈ తూటాలతోనే ఆ పుంజుని కొడతా. కొట్టి తెచ్చి నీ ముందు పడేస్తా. అందాకా నీ గుమ్మం తొక్కితే నా పేరు ఓరెనే కాదు!" ఇంటికొచ్చి గేటుకి గొలుసేసి తాళం బిగించాడు.

అడవిలో టర్కీ మూడు నాలుగేళ్లు బతికితే గొప్ప. నక్క, గుడ్లగూబ, చలి, మనిషి, అన్నీ దాని ప్రాణం తీసేవే. ఒట్టు పెట్టుకున్న నాటికే ఆ పుంజుకి మూడేళ్లు దాటాయి. ఈ లెక్క ఓరెన్‌కి తెలియదా? ఇంకొకరు చెబితే తనే నవ్వేవాడు. కానీ తన దాకా వచ్చేసరికి ఆ పుంజు చావదు. దాణా కొట్టు దగ్గర కుర్రకారు ఊరుకుంటారా?

"ఏం ఓరెన్ బాబాయ్, నీ పుంజుకి పింఛనొస్తోందా?"

"వస్తోందిరా. నీకు పిల్లనిచ్చేలోపు తెచ్చి చూపిస్తాలే," అనేవాడు. దాని అడుగులు ఈమధ్య కనబడుతున్నాయా అని అడిగితే మాత్రం, బురద సరిగా లేదనేవాడు.

అలా పదకొండేళ్లు గడిచాక, ఈ వసంతంలో డెల్మర్ మంచాన పడ్డాడు. చూపు అంతకుముందే పోయింది, ఇప్పుడు ఊపిరితిత్తులకి నీరు పట్టింది. అతని భార్య ఐవా గేటు దాకా వచ్చి గొలుసు అవతల నిలబడింది.

"మీ అన్న ఇంక లేవడు ఓరెన్. వచ్చి పక్కన కూర్చో."

"పుంజుని కొట్టి వస్తా వదినా."

"పుంజూ లేదు, గాడిదగుడ్డూ లేదు! ఉత్తచేతులతో రా."

"ఒట్టు పెట్టుకున్నాను కదా."

"నీ ఒట్టు తగలెయ్య!" ఐవా ఇంకేదో అనబోయి, పెదవి కొరుక్కుని వెళ్లిపోయింది.

వెళ్లాలనే ఉంది ఓరెన్‌కి. రాత్రి తిండి సయించలేదు, బీన్స్ గిన్నె కుక్కకి పెట్టేశాడు. కానీ ఉత్తచేతులతో పోతే అన్న మళ్లీ ఆ నవ్వు నవ్వుతాడేమోనని భయం.

తెల్లారకముందే ఏటి గట్టుకి చేరాడు. తూటాలు ఉబ్బి జోడుగొట్టాల తుపాకీలో దిగలేదు. వాటిలో రెండింటిని కత్తితో గీకి, ఎలాగో దూర్చాడు. చెక్క డబ్బా మూత రుద్ది పెట్ట కూతలాంటి చప్పుడు చేస్తే, లోయలోంచి ఒక పుంజు బదులు పలికింది. పొదల మాటున నడుచుకుంటూ వచ్చింది. మొదటి గొట్టం టిక్కుమంది. పుంజు మెడ నిక్కించింది. రెండోది నొక్కాడు. తడిసిన టపాకాయలా బుస్సుమని పేలి పొగ కమ్మేసింది. పుంజు రెక్క విరిగి గిలగిల్లాడుతుంటే, పరిగెత్తి మెడ మీద కాలేశాడు.

కాళ్లు చూశాడు. వయసు ముదిరేకొద్దీ పెరిగే మడమ మీది ముల్లు గోరంత, మొద్దుగా ఉంది. రెండేళ్ల పుంజు. వేళ్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

ఓరెన్ దాని పక్కనే చతికిలబడ్డాడు. అన్నకి చూపు లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గూ శరం లేకుండా జేబులోంచి కత్తి తీసి, ఎడమకాలి నడిమి వేలు కోసేశాడు.

పుంజుని మోసుకుని అన్న ఇంటికి వెళ్లేసరికి, డెల్మర్ దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు.

"అన్నయ్యా, నేనే. తెచ్చాను."

"ఏదీ, ఇటివ్వు."

డెల్మర్ చేయి తడుముకుంటూ ఈకల మీదుగా కాలి దాకా వెళ్లింది. అతని బొటనవేలు ముల్లు దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి కిందికి జారి, తెగిన వేలి మొదట్లో ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"మనదేరా," అన్నాడు డెల్మర్ చివరికి. "తూటా పేలిందా?"

"రెండోది పేలింది."

"చూశావా మరి. మంచివే ఇచ్చాను." నవ్వబోయి దగ్గాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

ఐవా పుంజుని అందుకుని, ఓరెన్‌ని పెరట్లో మాంసం పొగబెట్టే కొట్టు దగ్గరికి తీసుకెళ్లింది. తలుపు పైన మేకుకి ఎండిన టర్కీ కాలొకటి వేలాడుతోంది. ముల్లు పొడుగ్గా కొడవలిలా వంగి ఉంది. నడిమి వేలు లేదు. అది తెగినచోట చర్మం ఎప్పుడో మానిపోయి గుండ్రంగా ఉంది.

"మరుసటి వసంతంలోనే మీ అన్న కొట్టాడు, తన వాటా తూటాతో," అంది ఐవా. "నేను మొక్కజొన్న రొట్టె చేశాను, ముగ్గురం కూర్చుని తిందామని. పుంజుని మోసుకుని మీ గేటు దాకా వచ్చాడు. గొలుసు ఊపి ఊపి పిలిచాడు. నువ్వు కిటికీ మూసేశావు."

ఓరెన్‌కి ఆ పిలుపు గుర్తుంది. "నాకొక్క మాట చెప్పొచ్చు కదా వదినా!"

"చెప్తానంటే వద్దని ఒట్టేయించుకున్నాడు. 'ఆ పుంజు చచ్చిందని తెలిస్తే వాడికి నా మీద కోపం తప్ప ఏమీ మిగలదే. ఉండనీ, అది దొరికితేనన్నా వస్తాడు' అన్నాడు."

"మరి ఇందాక..."

"ఆయన వేలికి పచ్చి నెత్తురంటింది ఓరెన్. మీ అన్న గుడ్డివాడే గానీ వెర్రివాడు కాదు."

ఓరెన్ నిజం చెప్పేద్దామని లోపలికి పరిగెత్తాడు. డెల్మర్ నిద్రలో ఉన్నాడు. బొటనవేలి మీద నెత్తురు అట్టకట్టింది. "అన్నయ్యా" అని పిలిచాడు. భుజం తట్టి పిలిచాడు. మంచం కోడు పట్టుకుని, ఏడుస్తూ పిలిచాడు. డెల్మర్ మళ్లీ లేవలేదు. మర్నాడు పొద్దెక్కాక పోయాడు.

పదకొండేళ్ల తర్వాత ఓరెన్ అన్నతో మాట్లాడినవి రెండు మూడు మాటలు. వాటిలో అన్నకి పనికొచ్చిన నిజం, తూటా పేలిందన్న ఒక్క మాటే.