పెన్‌డ్రైవ్‌కు ఉద్వాసన

ఒక యంత్రం అచ్చ తెలుగులో సలహా ఇస్తే, దాన్ని చదవకుండా ఆ యంత్రంతోనే సాయంత్రం దాకా వాదించే మనిషిని మీరు ఏమంటారు? తొందరపడి తిట్టకండి. ఆ మనిషి నేనే. ఆ వాదన ప్రత్తిపాడులో ఒక పెళ్లిని మా బాబాయి చేతుల్లోంచి జారగొట్టబోయింది.

బాబాయి అక్కడ పురోహితుడు. మిర్చి రైతు వీరయ్య గారు కూతురి లగ్నపత్రిక కోసం ఆ సాయంత్రం రావలసి ఉంది. పత్రిక రంగుల్లో అచ్చు వేసి ఇవ్వాలి. లేదంటే గుంటూరులో మరో పురోహితుడు సిద్ధం. పొద్దున్నే బాబాయి తన కంప్యూటర్ నత్తలా పాకుతోందని వాపోయాడు. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛపై కాలేజీ చర్చల్లో ప్రత్యర్థులను మట్టి కరిపించిన నేను ఊరుకుంటానా?

“నువ్వు ఈ కంపెనీలకు బానిసవి బాబాయ్. విండోస్ తీసేసి, ఏ కంపెనీ సొత్తూ కాని లినక్స్ వేస్తాను.”

“బానిసనైతే అయ్యాను గానీ, సాయంత్రానికి పత్రిక వస్తుందా?”

“స్వేచ్ఛ వచ్చాక పత్రిక రాదా?”

పాత ఫైళ్లు వేరే డిస్కులో భద్రపరిచి, లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ తగిలించాను. శుభమా అని కొత్త పని మొదలవుతోందని పిన్ని దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పక్కన మందారం ఉంచింది.

“బాబాయి ఉద్వాసన చెప్పేదాకా దాన్ని కదపకే.”

పూజ ముగిశాక దేవుణ్ణి సాగనంపే మంత్రమే ఉద్వాసన. హేతువాదిగా నేను ఖండించవచ్చు. కానీ ఎదుటివారి విశ్వాసాన్ని గౌరవించడమూ నా సూత్రమే. హుందాగా తల ఊపాను. ఇన్‌స్టలేషన్ పూర్తయింది. తెరపై ఏదో వాక్యం కనబడింది. చదవకుండానే ఎంటర్ నొక్కాను.

కంప్యూటర్ ఆగి, లేచి, అడిగింది: మీకు ఏ భాష కావాలి?

“ఇందాక తెలుగని చెప్పాంగా,” అన్నాడు బాబాయి.

“చిన్న సాంకేతిక సమస్య.”

మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మళ్లీ భాష అడిగింది. సెట్టింగుల్లోకి దూరి, అర్థమైనవి ఆపి, అర్థం కానివి తెరిచాను. పెళ్లిచూపుల్లో అమ్మాయి పేరు పదేపదే అడిగే చెవిటి పెద్దాయనలా అది మళ్లీ అదే అడిగింది.

“ఇదంతా గుత్తాధిపత్యం బాబాయ్. స్వేచ్ఛను మొలకలోనే...”

“దాని సంగతి రేపు చూద్దాం. ముందు దీనికి కాస్త గట్టిగా చెప్పు.”

వాకిట్లో మోటార్ సైకిల్ ఆగింది. వీరయ్య గారు లోపలికి వచ్చారు.

“అయ్యగారూ, పత్రిక రెడీయేనాండీ? గుంటూరు పంతులు గారికి ఫోన్ చేద్దామని మా బావమరిది ఒకటే గోల.” ఆయన తెర వైపు వంగారు. “భాష అడుగుతుందేంటండీ? తెలుగని కొట్టండి.”

“పొద్దుట్నుంచీ అదే కొడుతున్నామండీ,” అన్నాడు బాబాయి నీరసంగా.

మజ్జిగ తెచ్చిన పిన్ని వాడిన మందారాన్ని చూసింది. “ఇంకా ఉద్వాసన చెప్పలేదూ? సాగనంపకపోతే అది మాత్రం ఎక్కడికి పోతుంది? అక్కడే పీట వేసుక్కూర్చుంటుంది.”

“యథాస్థానం ప్రవేశయామి,” అంటూ బాబాయి పెన్‌డ్రైవ్ పీకేశాడు. నేను విసుగ్గా కంప్యూటర్ ఆపి, మళ్లీ వేశాను.

అది భాష అడగలేదు. లినక్స్ నిండుగా తెర మీదికి వచ్చింది. పెన్‌డ్రైవ్ ఉన్నంతసేపూ కంప్యూటర్ అందులోంచే లేచి, ఇన్‌స్టలేషన్ మళ్లీ మొదలుపెడుతోందని అప్పుడు బోధపడింది. నేను చదవని వాక్యం కూడా ‘పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ నొక్కండి’ అనే. ఒకే మాటను యంత్రమూ, సంప్రదాయమూ చెరో భాషలో చెప్పాయి. నేను మాత్రం రెండింటినీ సమంగా పట్టించుకోలేదు.

బాబాయి పరవశించి మంత్రం పూర్తి చేయబోయాడు. “శోభనార్థం పునరాగమ...”

“బాబాయ్, మళ్లీ రమ్మని మాత్రం పిలవకు.”

పత్రిక రంగుల్లో అచ్చయింది. పెళ్లి బాబాయికే దక్కింది. ఇకపై తెర మీది వాక్యం తుదికంటా చదవకుండా ఎంటర్ నొక్కనని ఆ పసుపు పెన్‌డ్రైవ్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. మీరూ ఇప్పుడే లేచి, మీ కంప్యూటర్‌ను అంటిపెట్టుకుని ఏదైనా పెన్‌డ్రైవ్ ఉందేమో చూడండి. ఉంటే ఉద్వాసన చెప్పండి. చివరి మాట మాత్రం మింగేయండి.