ఒదిగి మోసిన గిటార్

నేను ఆరడుగులకు ఒక్క అంగుళం తక్కువ. కాలేజీ రోజుల నుంచీ బేస్ గిటార్ వాయిస్తున్నాను. ఈ రెండింటిలో మొదటిది దాచడం కుదరదు కాబట్టి దాన్ని తగ్గించుకుంటూ వచ్చాను. రెండోది దాస్తూ వచ్చాను.

బేస్ అంటే నాలుగు లావు తీగలున్న గిటార్. మామూలు గిటార్ కంటే మెడ పొడుగు, బరువెక్కువ. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ నా చేతులు చూసి, “ఇంత పొడుగు చేతులు పెట్టుకుని క్యారమ్స్ ఆడతావేంటే, ఇది పట్టు” అని తన బేస్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నా పొడుగు ఒక పనికి పనికొస్తుందని నేను విన్నది అదే మొదటిసారి.

ఇంట్లో విన్నది వేరు. కాకినాడలో ఎవరింట్లో ఫోటో తీస్తున్నా మా అమ్మ వెనక నుంచి నా జడ లాగి, “కాస్త ఒదిగి నిలబడవే” అనేది. ఒదగడమంటే మా ఇంట్లో మోకాళ్లు కొంచెం వంచి, తల దించి, పక్కవాళ్ల ఎత్తుకు రావడం. మా ఆయన నాకంటే కాస్త పొట్టి. పెళ్లిలో తలంబ్రాల పోటీకి లేచి నిలబడ్డప్పుడు, ఆయనకు అందేలా వంగాను. ఆయన దోసిలి పట్టుకునే, “లేయ్, నడుం పట్టుకుంటది. నేనే ఎగిరి పోస్తా” అన్నాడు. కడప నుంచి వచ్చిన ఆయన చుట్టాలంతా నవ్వారు. మా అమ్మ నవ్వలేదు.

ఇప్పుడు మేముండేది కొండాపూర్‌లో, ఏడో అంతస్తు. శనివారం మధ్యాహ్నాలు మదీనాగూడలో ఒక సెల్లార్ గదిలో, ఆఫీసు స్నేహితులు కొందరం కలిసి ప్రాక్టీస్ చేస్తాం. మా పాపను ఎవరి దగ్గరో వదలాలంటే నాకు భయం, అందుకని వెంట తీసుకెళ్తాను. డ్రమ్స్‌కు దూరంగా, చెవులకు మఫ్లర్ చుట్టుకుని బొమ్మలు వేసుకుంటూ కూర్చుంటుంది.

అసలు తిప్పలు లిఫ్టులో. గిటార్ బ్యాగు వీపుకు తగిలించుకుంటే దాని కొస నా తల దాటి పైకి వస్తుంది. లిఫ్టు తలుపు పైఅంచుకు కొట్టుకుంటుంది. పట్టీలు వదులు చేస్తే కింది భాగం ప్రతి అడుగుకూ తొడల వెనక తగులుతుంది. అందుకని మోకాళ్లు వంచి ఎక్కి, వెనక గోడకు ఆనుకుని, అలా వంగే కిందిదాకా దిగేదాన్ని. “వీపు మీద నుంచి దించి పక్కన నిలబెట్టుకో, పని అయిపోతుంది కదా” అని మా ఆయన ఎన్నోసార్లు అన్నాడు. పక్కన నిలబెడితే అందరికీ కనబడుతుంది. గోడకూ నాకూ మధ్య ఉంటే అంతగా కనబడదు. ఈ మాట ఆయనకు చెప్పలేదు.

అయినా ఒకరోజు మూడో అంతస్తు ఆంటీ చూడనే చూసింది. ఆమెది కరీంనగర్ వైపు.

“ఏంది బిడ్డా గది? వీణనా?”

“గిటారండి.”

“ఎవలిది?”

“మా వారిదండి” అన్నాను. ఎందుకన్నానో తెలుసు. పిల్లతల్లి, శనివారం పూట ఇల్లు వదిలి గిటార్ వేసుకుని తిరుగుతోందని అనుకుంటారేమోనని. అంత పొడుగు మనిషి వీపున అంత పొడుగు సంచి ఎలా ఉంటుందో నాకు తెలుసు గనక. పాప తలెత్తి నన్ను చూసింది.

వారం తిరక్కుండా మా ఆయన పార్కింగ్ నుంచి నవ్వుకుంటూ వచ్చాడు. “నేను గిటార్ బాగా వాయిస్తానంట. వినాయక చవితికి వాయించమని అసోసియేషన్ వాళ్లు పట్టుకున్నారు. నాకు చేయి నొప్పని చెప్పి తప్పించుకున్నా. నాకు ఇంకేమేం వచ్చో ముందే చెప్పు, మరిచిపోకుండా ఉంటా.”

నేనూ నవ్వాను. ఆయన చెప్పిన ఆ లేని చేయి నొప్పి కూడా నా అబద్ధమే అనిపించింది.

ఆ తర్వాత స్కూలు నుంచి ఫోను వచ్చింది. పాప క్లాసులో అందరికంటే పొడుగు. లైన్లో నిలబెడితే మోకాళ్లు వంచుతోందట. టీచరుకు తెలుగు అంతంతమాత్రం. “అడిగితే ఏదో చెప్తుంది మేడమ్, ‘వడిగీ, వడిగీ’ అని. నాకు సమజ్ కాలేదు. డాక్టర్‌కి చూపించండి.”

నాకూ అర్థం కాలేదు. కాళ్లు వంకర పోతున్నాయేమో, ఎముకల్లో బలం లేదేమో అనుకున్నాను. ఆ రాత్రి ఫోన్లో చదవకూడనివన్నీ చదివాను. నిద్రపోతున్న పిల్ల మోకాళ్లు తడిమి చూశాను. మర్నాడే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం.

ఆయన పాపను నడిపించి, గెంతించి, పడుకోబెట్టి కాళ్లు తిప్పి చూశాడు. “ఎముకలు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా” అని పాప వైపు తిరిగాడు. “స్కూల్లో ఎలా నిలబడతావో ఒకసారి చూపించు బంగారం.”

పాప మోకాళ్లు వంచింది. తల కొంచెం దించింది. భుజాలు ముందుకు తెచ్చింది.

“ఎందుకలా?”

“ఒదిగి నిలబడ్డా. పొడుగున్నవాళ్లు ఒదగాలి. లిఫ్టులో అమ్మ చెప్తుంది.”

లిఫ్టులోకి జనం ఎక్కినప్పుడు “ఒదిగి నిలబడు కన్నా” అని చెప్పేదాన్ని, నిజమే. నా దగ్గరికి జరగమని నా ఉద్దేశం. దానికి ఆ మాట కొత్త. అర్థం కోసం నన్ను చూసింది.

డాక్టరు కూడా నన్ను చూశాడు. అప్పుడు గమనించాను, బరువు తూచే మిషను పక్కన నేనూ అలాగే నిలబడి ఉన్నాను. “పాపకేం మందు అక్కర్లేదు. మీరు నిటారుగా నిలబడండమ్మా, చాలు” అన్నాడు. ఎగతాళి లేకుండానే అన్నాడు. నాకు ఆ గదిలోంచి ఎలా బయటపడాలా అనిపించింది. నాకు మా అమ్మ నోటితో చెప్పింది. నేను పిల్లకు చెప్పకుండానే నేర్పాను.

ఆ శనివారం లిఫ్టు రాకముందే బ్యాగు వీపు మీద నుంచి దించాను. లోపలికి వెళ్లి, మెడ భాగం పట్టుకుని, నా పక్కన నేల మీద నిలబెట్టాను. భుజాల మీద ఏ బరువూ లేదు. ఇన్నేళ్లూ ఇంత తేలికని తెలిసే మోశాను. మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఆంటీ ఎక్కింది.

“మీ ఆయనకు జర చెప్పరాదు బిడ్డా, చవితికి వాయించమని. చెయ్యి నొస్తుందన్నడట. గంత షరమెందుకు?”

పాప నా వైపు చూస్తోంది. మోకాళ్లు అప్పటికే కొంచెం వంగాయి.

“సిగ్గు ఆయనకు కాదండి, నాకు. ఇది నాది. నేనే వాయిస్తాను.”

“నీదా? మరి అప్పుడు మీ ఆయనదంటివి?”

“అబద్ధం చెప్పానండి.”

ఆంటీ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ఆ చూపు నాకు అలవాటే. “గిటారుకు గూడ అబద్ధమా, ఏం పిల్లవమ్మా” అంది. నవ్విందో లేదో చూడలేకపోయాను. మొహం మండుతోంది. ఒదగాలని మోకాళ్లు లాగుతున్నాయి. బ్యాగు మెడ గట్టిగా పట్టుకున్నాను.

పాప జరిగి వచ్చి బ్యాగుకు వీపు ఆనించి నిలబడింది. అరచెయ్యి తల మీద పెట్టి, అలాగే వెనక్కి జరిపి బ్యాగుకు తాకించి చూసుకుంది.

“అమ్మా, ఇది నాకంటే పొడుగు” అని, మడమలు ఎత్తి నిలబడింది.