గునపం పోట్లు పడ్డ పాతర

రెంటచింతల ఎండలకు ఉగాది నాటికే పచ్చగడ్డి అనేది కనిపించేది కాదు. ఎనభైల్లో మాకు రెండు గేదెలుండేవి. వేసవంతా ఎండు చొప్ప నమిలి, నీళ్ళలాంటి పాలు కాసినే ఇచ్చేవి. పశువుల డాక్టరు నాకొక దారి చెప్పాడు. మొక్కజొన్న, జొన్న కలిపి విత్తి, గింజ పాలు పోసుకున్నప్పుడు కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా గోతిలో తొక్కి పాతరెయ్యమన్నాడు.

మా బావగారికి, అంటే నా భర్త అన్నకు, అది గిట్టలేదు. నాతో నేరుగా మాట్లాడకుండా తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు.

"ఏరా, లేత జొన్న మేసి గొడ్లు చచ్చిన ఊరిది. నీ పెళ్ళాం దాన్ని కుళ్ళబెట్టి మరీ మేపుద్దంటా?"

"గింజ పట్టాక కోస్తే ఆ విషం తగ్గుద్దంట. మాగితే ఇంకా తగ్గుద్దంట. డాక్టరే చెప్పాడు" అన్నాను తలుపు చాటు నుంచి.

"డాక్టరొచ్చి కాపురం చేస్తాడా ఏంది?"

ఆ మాట నా భర్త విన్నాడు. తల దించుకున్నాడు. ఇద్దరి మీదా నాకు అసహ్యం పుట్టింది.

అయినా గొయ్యి తవ్వించాను. నేనూ ఇద్దరు కూలి ఆడవాళ్ళూ పాదాలు ఒరుసుకుపోయేదాకా తొక్కాం. పైన ప్లాస్టిక్ పట్టా పరిచి మట్టి మెత్తాం. మూడు వారాలకు చూస్తే దాని మీద నాలుగు చోట్ల గునపం పోట్లు!

"కుళ్ళిందో లేదో చూశాను. తప్పేంది?" అన్నాడు బావగారు, అరుగు మీద చుట్ట కాలుస్తూ.

మళ్ళీ మట్టి మెత్తాను. ఎండాకాలం తెరిస్తే పోట్లు పడ్డచోట నల్లగా బూజు. ఆ మేతంతా ఎత్తి పారేశాను. కింద పసుపుపచ్చగా, పుల్లటి వాసనతో మేత బాగా మాగింది. రెండు రోజులు గేదెలు మూతి తిప్పుకున్నాయి. మూడోరోజు తవుడు చల్లితే తొట్టి నాకాయి.

డాక్టరు పిడికెడు తీసి పిండి చూశాడు. "మొక్కజొన్న గింజలో బలముంది. జొన్న వానల్లేకపోయినా నిలబడి కడుపు నింపుద్ది. మాంసకృత్తులు మాత్రం తక్కువమ్మా, నానబెట్టిన పత్తిగింజలు కూడా పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆ వేసవిలో పాలు తగ్గలేదు, వెన్న బాగా పడింది.

బావగారి గేదెలు ఎముకలు తేలాయి. తోటికోడలు గంప పట్టుకుని వచ్చింది.

"చూడి గేదె చెల్లే. ఒక్క గంప పెట్టు."

"మీ ఆయన్ని పొడిచిన చోట ఏరుకోమను" అన్నాను. ఆమె ఖాళీ గంపతో వెళ్ళిపోయింది. నేను గడప దిగలేదు.

మరుసటేడు బావగారే గొయ్యి తవ్వించాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. గింజ గట్టిపడి, కాడ ఎండాక కోయించాడు. ఎండిన కాడ అణగదని, గాలి నిలిచిపోతుందని నాకు తెలుసు. గట్టు మీద నిలబడి చూశానే కానీ నోరు విప్పలేదు. తెరిచేసరికి సగం బూజు పట్టింది. ఆయన గంపలకెత్తి పారబోయిస్తుంటే కడుపు నిండా సంతోషించాను. ఆయన పోయి చానా ఏళ్ళయింది. ఆ సంతోషం తప్పని ఇప్పటికీ నాకు అనిపించదు.