బ్రేకు మీద చెయ్యి

ప్రెస్సులో అందరూ అతన్ని బ్లేడు బాబాయి అంటారు. కాగితాలు కోసే మిషను మీద పనిచేస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని అతని నమ్మకం. అసలు సంగతి వేరు. తన కారు గురించి మొదలుపెట్టాడంటే అవతలివాడి టీ చల్లారిపోయినా వదలడు.

కారు గొప్పదే, కాదనడానికి లేదు. మీగడ రంగు, గుండ్రటి లైట్లు, ముఖం చూసుకోవచ్చుననిపించే బంపరు. ముందు ఒకటే పొడుగాటి సీటు. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. అలాంటిది రోడ్డు మీద ఇంకొకటి కనబడి ఎన్నేళ్ళయిందో. దాన్ని అతని తండ్రి నడిపాడు. నడిపాడంటే తనకోసం కాదు, ఓ మిల్లు యజమాని కోసం. యజమాని కొత్త కారు కొన్నాక పాతదాన్ని కొనేవాడు దొరకలేదు. దాంతో డ్రైవరుకే ఇచ్చేశారు. ఇచ్చామని చెప్పుకోవడానికి వాళ్ళకీ బాగుంది, ఇచ్చారని చెప్పుకోవడానికి వీళ్ళకీ బాగుంది.

కారుతోపాటు ఒక ఫొటో కూడా ఇచ్చారు. కారు ముందు యజమాని, ఆయన భార్య, పిల్లలు, కుక్క. తండ్రి అందులో లేడు. అద్దాలు తుడిచి, కారుని సరిగ్గా వెలుతురులోకి తెచ్చి నిలబెట్టింది ఆయనే. కెమెరా పట్టుకున్నవాడు "నువ్వు కాస్త పక్కకి జరుగు" అన్నాడు, ఈయన జరిగాడు. ఎండ ఆయన వెనక నుంచి పడుతోంది కాబట్టి నీడ మాత్రం ఫొటో అంచులోకి వచ్చింది. టోపీ, ఒక భుజం. ఇంటికి ఎవరొచ్చినా ఆ ఫొటో చూపించి, ఆ నీడ మీద వేలు పెట్టి, "ఇది నేనే" అనేవాడు తండ్రి. నవ్వుతూ అనేవాడు. ఆ నవ్వు చూస్తే చిన్నప్పటి నుంచీ కొడుక్కి ఒళ్ళు మండేది. తండ్రి పోయాక ఆ ఫొటోని గోడ మీంచి దించి బీరువా వెనక పెట్టాడు. తమ ఇంటి మనిషి ఒక్కడైనా ఆ కారుతో ఫొటోలో తిన్నగా, ముఖంతో సహా, కనబడాలని అతనికి పట్టుదల. తనే సెల్‌ఫోనుతో తీసుకుంటే సరిపోదు. ఇంకొకరు పిలిచి, నిలబెట్టి, తియ్యాలి.

రెండు గదుల ఇల్లు అతనిది. పక్కన రేకుల షెడ్డులో కారు. భార్యకి ఆ షెడ్డంటే కడుపుమంట.

"వానొస్తే వంటింట్లో గిన్నెలు పరచుకోవాలి. మా సవతి మేడలో మాత్రం చుక్క పడదు" అంటుంది.

"ఇల్లు ఓనరుది, షెడ్డు నాది. నాది నేను చూసుకుంటాను."

"మరి నేనెవరిదాన్నండీ?" అంటుంది. అతను తుడిచే గుడ్డ తీసుకుని షెడ్డులోకి పోతాడు.

అట్టల మీద రంగులు సరిచూసుకోవడానికని ఒకరోజు పత్రికాఫీసు కుర్రాడొకడు ప్రెస్సుకి వచ్చాడు. ఆ పత్రిక అచ్చయ్యేది అక్కడే. నున్నటి కాగితం, బరువైన అట్ట, లోపల సినిమావాళ్ళ ఇళ్ళూ బట్టలూ. గేటు పక్కన ఉన్న కారుని చూసి కుర్రాడు లోపలికి రావడం మరిచిపోయాడు.

"ఎవరిదిది?"

"మా బ్లేడు బాబాయిది. ఇప్పుడు ఆయన్ని పిలిస్తే మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటావ్, ఆలోచించుకో" అన్నాడు అచ్చు మిషను మీదివాడు.

కుర్రాడు పిలవనే పిలిచాడు. ఓ హీరోతో ముఖపత్ర కథ చేస్తున్నామనీ, ఇలాంటి కారు కోసమే ఊరంతా గాలిస్తున్నామనీ, ఒక్క పూట ఇస్తే చాలనీ చెప్పాడు. అంతా విని బ్లేడు బాబాయి అడిగేశాడు.

"మరి ఫొటోలో నేనూ ఉండచ్చా బాబూ?"

"భలేవారే అంకుల్, ఓనర్ లేకుండా ఎలా?"

అంతే. ఆ మాటని ఆ కుర్రాడు గేటు దాటేలోపే మరిచిపోయి ఉంటాడు. ఇతను మాత్రం సాయంత్రానికల్లా ప్రెస్సంతా చెప్పాడు, రాత్రికి భార్యకి చెప్పాడు, మర్నాడు బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

సెలవు పెట్టి కారు మీద పడ్డాడు. బంపరుకి పాలిష్ పట్టాడు. చక్రాల పళ్ళేలని పాత టూత్‌బ్రష్‌తో రుద్దాడు. డోరు రబ్బర్లు మార్చాడు. మెకానిక్ వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఇవన్నీ సరే, ఆ హ్యాండ్‌బ్రేకు సంగతేంటి? వైరు సాగిపోయిందని ఎన్నాళ్ళ నుంచి మొత్తుకుంటున్నాను" అన్నాడు.

"అది పైకి కనబడేది కాదుగా. తరవాత చూద్దాంలే."

హ్యాండ్‌బ్రేకు పోయి చాలా కాలమే అయింది. గేరులో వేసి వదిలినా ఆ వయసు ఇంజనుకి పట్టు లేదు, వాలులో మెల్లగా జారిపోతుంది. అందుకని ఎక్కడ ఆపినా చక్రం కింద ఒక చెక్కముక్క పెడతాడు. తండ్రి చెక్కిన ముక్క అది. ఆ చెక్కకి కూడా రంగు వేశాడు, అదే మీగడ రంగు. అంతటి శ్రద్ధ.

ఆ రోజు పొద్దున భార్య చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. కాలరు నచ్చక తనే లాక్కుని మళ్ళీ చేసింది. గుండీలు పెట్టుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూసి, "పెళ్ళినాడు కూడా ఇంత తయారవ్వలేదు" అంది. కాస్త ఆగి, "పొట్ట లోపలికి పెట్టి నిలబడండి" అని కూడా అంది.

చెప్పిన చోటు కొండ మీదకి ఎక్కే రోడ్డు. వెనక పాత రాతి బంగళా, కింద ఊరు. స్టూడియోలో తీస్తారనుకున్నాడు అతను. కారు ఆపి, దిగి, వెనక చక్రం కింద చెక్కముక్క పెట్టాడు. చుట్టూ వ్యానులు, గొడుగులు, వైర్లు, అద్దాలు పట్టుకుని తిరిగే ఆడపిల్లలు.

"డ్రైవర్ ఎవరు?" అని కేకేశాడు ఫొటోగ్రాఫరు.

"నేను ఓనర్నండీ."

"అదేలెండి. కొంచెం పైకి తియ్యండి. ఇంకా. ఆ, చాలు. చక్రం కింద ఆ చెక్క ఏంటి?"

"హ్యాండ్‌బ్రేకు ఆగదండీ."

"అది ఫ్రేములోకి వస్తోంది. తీసెయ్యండి."

తీస్తే కారు వెనక్కి పోతుంది. కాస్త చదునుగా ఉన్న చోటికి జరుగుదామంటే వెనక బంగళా రాదట. చెక్కని తరవాత కంప్యూటర్లో చెరిపెయ్యొచ్చు కదా అంది ఒక అమ్మాయి. ఫొటోగ్రాఫరు విసుక్కున్నాడు.

"చెక్కనీ, దాని నీడనీ, ఆ చక్రాన్నీ ప్రతి ఫొటోలో ఎవరు కూర్చుని చెరుపుతారు? హీరో పోజు పెట్టాలా, బ్రేకు తొక్కుతూ కూర్చోవాలా? మనిషున్నాడుగా."

ఆ మనిషి తనేనని అతనికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

ముందు పొడుగాటి సీటు కాబట్టి, గేరు రాడ్డు పైన ఉంది కాబట్టి, కింద ఒక మనిషి ముడుచుకుని పడుకునేంత జాగా ఉంది. ఏళ్ళ తరబడి టీ కొట్టు దగ్గర అతను పొగిడిన జాగా అది. కాళ్ళు ఎంతసేపు చాపుకున్నా ఇబ్బందుండదని చెప్పేవాడు. ఇప్పుడు ఇస్త్రీ చొక్కాతో అందులో దూరి, పక్కకి తిరిగి పడుకుని, రెండు చేతులతో బ్రేకు పెడల్ని అదిమి పట్టుకున్నాడు. ఎవరో చక్రం కింద నుంచి చెక్క లాగేశారు. కారు బరువంతా మణికట్టుల్లోకి దిగింది.

పత్రిక కుర్రాడు కిటికీలోంచి తొంగి చూశాడు. "ఓకేనా అంకుల్?"

"బాబూ, మరి నా ఫొటో..."

"ఇది కానివ్వండి అంకుల్. ఆఖర్న మీదే."

హీరో వచ్చి కూర్చున్నాడు. మంచివాడే. కింద మనిషిని చూసి ఉలిక్కిపడి, "అయ్యో, సారీ అంకుల్" అన్నాడు. కాళ్ళు ఒక పక్కకి పెట్టుకున్నాడు. బయట నుంచి "నవ్వండి, మోచెయ్యి డోరు మీద, అలా చూడండి" అని అంటుండగా ఆ సంగతి మరిచిపోయాడు. ఒక బూటు వచ్చి ఇతని భుజం మీద ఆగింది. రెండోది, క్లచ్చు తొక్కుతున్నట్టు కనబడాలేమో, పెడల్ని వెతుక్కుంటూ వచ్చి వేళ్ళ మీద పడింది. ఇతను చెయ్యి తియ్యలేదు. కారు వెనకాల ఒకమ్మాయి గొడుగు పట్టుకుని నిలబడి ఉందని అతనికి తెలుసు. ఈ జనంలో ఆ సంగతి గుర్తున్నది తనొక్కడికేనని కూడా తెలుసు.

"కింద ఏమీ కనబడట్లేదుగా?"

"నెత్తి కొంచెం... డ్రైవర్, ఇంకాస్త కిందకి. ఆ. ఇప్పుడు లేదు."

ఇప్పుడు లేదు. తండ్రికైనా నీడ మిగిలింది.

బయటికి వచ్చేసరికి నడుం పట్టేసింది, చొక్కా నిండా గ్రీజు. వేళ్ళు వంగడం లేదు. చేతికి చెక్కముక్క ఇచ్చారెవరో. వ్యానులోకి సామాన్లు ఎక్కుతున్నాయి. కుర్రాడు ఫోన్లో మాట్లాడుతూనే చెయ్యి ఊపాడు. "వెలుతురు మారిపోయింది అంకుల్. ఇంకోసారి తప్పకుండా."

ఇంటికి వచ్చాక భార్య చొక్కా చూసింది. "ఫొటో అయ్యాకే కదా మాసింది?"

"ఆ. అయ్యాకే."

కొన్నాళ్ళకి ఆ సంచిక అచ్చుకొచ్చింది. మిషను లోంచి మొదటి షీటు బయటపడగానే అచ్చు మిషనువాడు అందరినీ కేకేసి పిలిచాడు. ఎదురుగా మీగడ రంగు కారు. అంత అందంగా దాన్ని ఎవరూ ఎప్పుడూ చూడలేదు. స్టీరింగు దగ్గర హీరో నవ్వుతున్నాడు. కింద ఒక వాక్యం: తాతగారి కారంటే నాకు ప్రాణం.

"బాబాయ్, మరి నువ్వేడీ?"

"నాది విడిగా తీశారు. వచ్చే నెల వేస్తారట."

"వచ్చే నెల తాతగారిగా వేస్తారేమో" అన్నాడు ఇంకొకడు. నవ్వారు. ఇతనూ నవ్వాడు. నవ్వుతూనే, ఆ నవ్వు ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాడు. ఎక్కడో గుర్తొచ్చాక నవ్వడం మానేశాడు.

తరవాత ఆ షీట్లన్నీ మడతలు పడి, కుట్లు పడి, ఎలాగూ అతని మిషను దగ్గరకే వచ్చాయి. దొంతర సర్దడం, అదిమి పట్టడం, అంచులు కొయ్యడం. సాయంత్రం దాకా అదే. ఏ దొంతర పైకెత్తినా అదే నవ్వు.

ఒక కాపీ ఇంటికి తెచ్చాడు. దాచేద్దామనుకున్నాడు గానీ బావమరిది అప్పటికే ఫోన్ చేసి అడిగాడట. భార్య చేతులు కొంగుకి తుడుచుకుని పుస్తకం తీసుకుంది. ముందు పేజీ, వెనక పేజీ తిప్పింది. కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూసింది.

"మీరేరీ?"

అతను వేలు తీసుకెళ్ళి హీరో మోచేతి కింద, డోరు రేకు మీద పెట్టాడు. "ఇక్కడున్నాను."

"వేళాకోళమా?"

అప్పుడు చెప్పాడు, మొదటి నుంచి చివరి దాకా. సవతి మాట ఒక్కటైనా పడుతుందని ఎదురుచూశాడు. పడలేదు. అదే అతనికి భరించడం కష్టమైంది. ఆమె పుస్తకాన్ని దగ్గరకి తీసుకుని ఆ డోరు వైపు చూసింది.

"బూట్లతోనేనా?" అని మాత్రం అడిగింది.

"బూట్లతోనే."

ఆమె పుస్తకం మూసి బీరువా వెనకకి తోసింది. అక్కడ ఇంకొక ఫొటో ఉన్నట్టు ఆమెకి గుర్తుందో లేదో.

మర్నాడే కారుని మెకానిక్ దగ్గరకి తీసుకెళ్ళాడు. కొత్త వైరు వెయ్యడానికి మెకానిక్ ఒక టీ తాగినంతసేపు కూడా తీసుకోలేదు. ఇంతేనా అని అడిగాడు ఇతను. ఇంతే అన్నాడు వాడు. తిరిగొస్తూ ఫ్లైఓవరు వాలులో ఆపి, బ్రేకు లాగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కారు కదల్లేదు. వెనక హారన్లు మోగుతున్నా అలాగే కూర్చున్నాడు.

పత్రిక కుర్రాడి నుంచి మళ్ళీ ఫోను వచ్చింది. అన్నం ముందు కూర్చున్నాడు అప్పుడు. భార్యకి కూడా వినబడేలా ఫోను స్పీకరులో వేసి నేల మీద పెట్టాడు.

"అంకుల్, ఆ ఫొటోకి పిచ్చ రెస్పాన్స్. ఇంకోటి ఒక హీరోయిన్‌తో చేస్తున్నాం. అదే కొండ, అదే స్పాట్. మీరు కూడా రావాలి, ఆ బ్రేకు పట్టుకోవడం మీకే తెలుసు."

"బ్రేకు బాగుచేయించాను బాబూ. ఇప్పుడు ఎక్కడైనా ఆగుతుంది." గొంతులో కొంచెం గర్వం వచ్చింది, ఆపుకోలేకపోయాడు. ఈసారైనా పక్కన నిలబడచ్చు కదా అని అడగబోయాడు.

"సూపర్ అంకుల్. అయితే మీరు రానక్కర్లేదు. మా డ్రైవర్ వస్తాడు, తాళం ఇచ్చి పంపండి చాలు. పొద్దున్నే ఫోన్ చేస్తా."

ఫోను కట్టయింది. భార్య గరిటె కింద పెట్టింది.

"పంపుతారా?"

అతను అన్నం కలుపుతూ ఉండిపోయాడు. అవతలివాడు అంకుల్ అనగానే తన నోటికి అవుననడం ఎంత తేలికో అతనికి తెలుసు. తండ్రి కూడా ఇలాగే, ఎవరూ గట్టిగా చెప్పకుండానే, పక్కకి జరిగి ఉంటాడు. ఎడమ చెయ్యి జేబులో పెట్టి తాళం చెవి తీశాడు. వేలి గోరు కింద బూటు దెబ్బ ఇంకా నల్లగా ఉంది. తాళం చెవిని ఆమె ముందు పెట్టాడు.

"నువ్వే దాచు. ఎక్కడ పెట్టావో నాకు చెప్పకు. నా దగ్గరుంటే పంపేస్తాను."