దెయ్యాన్ని అడిగిన ప్రశ్న

మా అపార్టుమెంటు కింద ఈమధ్యే ఒకాయన టైలరు దుకాణం తెరిచాడు. మొన్న మధ్యాహ్నం కూరగాయల సంచీతో వస్తుంటే ఆయన కుట్టు మిషన్‌కు నూనె వేస్తున్నాడు. ఆ నూనె వాసన, పక్కనున్న కొత్త గుడ్డల గంజి వాసనతో కలిసి ముక్కుకు తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. నలభై ఏళ్ళ కిందట నూజివీడులో నేను పనిచేసిన ఆడపిల్లల బడి, వరండా చివర ఇరుకు గది, అందులో మెడలో టేపు వేసుకుని కిటికీ దగ్గర కూర్చున్న కోటేశ్వరమ్మ గారు కళ్ళముందు నిలబడ్డారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిడ గురించి ఎక్కడా ఎవరూ రాయలేదు. రాయవలసిన మనిషిని నేనే అనిపించి ఇది మొదలుపెట్టాను.

ఎనభైల మొదట్లో సైన్సు టీచరుగా ఆ బడిలో చేరాను. ఇరవై మూడేళ్ళు, మొదటి ఉద్యోగం, చదువుకున్నానన్న పొగరు. కోటేశ్వరమ్మ గారు కుట్టు టీచరు. యాభై దాటిన మనిషి. స్టాఫ్‌రూములో ఆవిడకు పెద్ద లెక్క ఉండేది కాదు. ఎవరి పాఠాలు వెనకబడినా ముందు తీసేసుకునేది కుట్టు పీరియడే. ఆవిడ ఏమీ అనేవారు కాదు. కాజాలు కుట్టుకుంటూ, వచ్చిపోయే మనుషుల్ని చూస్తూ కూర్చునేవారు. ఆ ఏడాది ఏదో సినిమా ఆడాక బడిలో సగం మంది పిల్లలు బుట్ట చేతుల జాకెట్లు కావాలని ఆవిడ చుట్టూ మూగారు. నేను నవ్వి, ‘చూసిందల్లా కావాలంటారండీ, కోతుల్లాగా’ అన్నాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, ‘వాళ్ళకి కావాల్సింది చేతులు కాదమ్మాయ్’ అన్నారు. ‘ఆ సినిమాలో ఆ పిల్ల గదిలోకి వస్తే అందరూ మాట ఆపి అటు చూస్తారు. మన పిల్లలు గదిలోకి వస్తే ఇంట్లో ఎవరు చూస్తారు చెప్పు?’ నేనప్పుడు ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు.

మరుసటి సంవత్సరం మామిడి పిందె కట్టే రోజుల్లో ఊళ్ళో ఒక దెయ్యం సినిమా ఆడింది. అత్తారింట్లో చచ్చిపోయిన ఒక కోడలు చెల్లెలి ఒంట్లోకి వచ్చి మాట్లాడే కథ. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ట్రాక్టర్ల మీద వచ్చి మరీ చూశారు. రెండో వారంలో ఒక సోమవారం ఉదయం ప్రార్థనలో, తొమ్మిదో తరగతి మంగ పెద్దగా కేక పెట్టి పడిపోయింది. ముసునూరు రోడ్డులో ఉండే కూలీల పిల్ల. నోరెత్తని మనిషి. లేచి జుట్టు విరబోసుకుని, మాకెవరికీ తెలియని గొంతుతో, ‘నేను మంగని కాదు, నా దగ్గరికి రావద్దు’ అంటూ ఊగిపోయింది. మర్నాడు నలుగురు పడ్డారు. బుధవారానికి పదకొండు మంది.

బడికి నీళ్ళు పట్టి, పిల్లలకు గ్లాసులు అందించే ఆయా పేరు నాగమ్మ. ఒంటరి మనిషి. పడిపోయిన పిల్లలంతా ఆమె చేతి నీళ్ళు తాగినవాళ్ళేనని ఎవరో అన్నారు. బడిలో ఆమె చేతి నీళ్ళు తాగనివాళ్ళు ఒక్కరూ లేరన్న సంగతి ఎవరికీ తట్టలేదు. సాయంత్రానికి తల్లిదండ్రులు గేటు దగ్గర గుమిగూడి, ఆమెను తీసేయాలని, చాట్రాయి నుంచి మంత్రగాణ్ణి పిలిపించాలని పట్టుబట్టారు. పెద్ద టీచరు గారు రెండు రోజులు గడువు అడిగారు. నాగమ్మ నీళ్ళ గది తలుపు వెనక కూర్చుని ఉంది. ఏడవలేదు. కడవ మీద మూతను మాటిమాటికీ సర్దుతోంది.

గురువారం నేను రంగంలోకి దిగాను. పిల్లలందరినీ కూర్చోబెట్టి, దెయ్యాలు లేవని, ఇదంతా మూఢనమ్మకమని గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. ముగించేలోగా ముందు వరసలో ఇద్దరు పడిపోయారు. సిగ్గుతో కుట్టు గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. కోటేశ్వరమ్మ గారు నన్ను ఓదార్చలేదు. ‘సాయంత్రం ఆటకి టైముంది. పద, ఆ సినిమా చూసొద్దాం’ అన్నారు.

హాల్లో ఆవిడ నా చెవి దగ్గర, ‘తెర వైపు చూడకు. మనుషుల్ని చూడు’ అన్నారు. చూశాను. దెయ్యం కనిపించే చోట ఆడవాళ్ళు కేకలు వేసి, వెంటనే నవ్వుకున్నారు. కానీ దెయ్యం పట్టిన పిల్ల ముందు అత్తమామలు చేతులు కట్టుకుని, ‘తల్లీ, నీకేం కావాలో చెప్పు’ అని అడిగే ఘట్టం రాగానే హాల్లో నవ్వులు ఆగిపోయాయి. మా ముందు వరసలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అది భయం కాదని నాక్కూడా తెలిసింది. బయటికి వచ్చాక కోటేశ్వరమ్మ గారు నాతో వీధి మలుపు దాకా నడిచారు. తర్వాత, ‘మా అక్కకి పూనింది చిన్నప్పుడు. వేపమండలతో కొట్టారు. నేనూ పక్కన నిలబడి చూశాను’ అన్నారు. అంతకన్నా ఎక్కువ ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు ప్రార్థన దగ్గర ఆవిడ నాగమ్మను కడవతో సహా పిలిపించి, అందరి ముందూ గ్లాసు నిండా నీళ్ళు తాగారు. తర్వాత నాగమ్మ ఇంకో గ్లాసు ముంచి నాకు అందించింది. మూడు వందల మంది పిల్లలు చూస్తున్నారు. నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సైన్సు చదివిన చెయ్యి. తాగాను గానీ, ఆగిన ఆ క్షణాన్ని నాగమ్మ చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేదు.

‘నాకు నమ్మకం లేదండీ. అయినా ఎందుకాగానో తెలియట్లేదు’ అన్నాను తర్వాత కోటేశ్వరమ్మ గారితో, తల వంచుకుని.

‘అంతమంది భయపడుతుంటే నీ ఒంట్లోకి కాస్తయినా రాకుండా ఉంటుందా? ఆ పిల్లలకీ అంతే. వాళ్ళు నటించట్లేదు. నిన్న నువ్వు వాళ్ళని అబద్ధాలకోరుల్ని చేశావు.’

ఆ రోజు ఎవరు పడిపోయినా చుట్టూ గుంపు చేరకుండా ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో పడుకోబెట్టి, మజ్జిగ ఇచ్చి, పక్కన ఒక్క టీచరు మాత్రం ఉండేలా ఆవిడ చూశారు. సాయంత్రానికి పడేవాళ్ళు ఇద్దరే మిగిలారు. మంగను మాత్రం తన గదికి తీసుకెళ్ళి, ఒక లంగా అంచు చేతికిచ్చి, కుట్టమన్నారు. దెయ్యం మాట ఎత్తలేదు. నేను మూలన కూర్చుని గుండీలు కుడుతున్నాను. అరగంట దాటాక ఆ పిల్ల తలెత్తకుండానే మొదలుపెట్టింది.

‘మా వాళ్ళు తోట కాపలాకి చాట్రాయి పోతున్నారు టీచర్. నేనూ రావాలంట. వంటకి.’

‘మరి పరీక్షలు?’

‘అదే చెప్పాను. మా నాన్న వినిపించుకోలా. మా అమ్మకి నాలుగుసార్లు చెప్పాను.’ కుట్టు ఆపింది. ‘దెయ్యం పట్టిందన్నాక మా నాన్న నా కాళ్ళ దగ్గర కూర్చుని, నీకేం కావాలో చెప్పు తల్లీ అని అడిగాడు టీచర్. నన్నెప్పుడూ అట్లా అడగలా.’

‘మరి చెప్పావా?’

‘చెప్పలేదండి. దెయ్యం పరీక్షలు రాస్తానంటే నమ్ముతారా?’

ఆ మాటకు మొదట ఆ పిల్లే నవ్వింది. ఆ వెంటనే వెక్కి వెక్కి ఏడ్చింది. కోటేశ్వరమ్మ గారు ఆపలేదు. ఏడుపు తగ్గాక, ‘ఇక్కడ కుట్టు వంకర పోయింది చూడు, విప్పి మళ్ళీ కుట్టు’ అన్నారు.

మరునాడు వాళ్ళ నాన్నను పిలిపించారు. ఎండకు మాడిన మనిషి, గుమ్మం లోపలికి రావడానికే మొహమాటపడ్డాడు. పిల్ల చెప్పిన మాటల్లో ఒక్కటీ ఆవిడ బయటపెట్టలేదు. ‘మీరు ఆ దెయ్యాన్ని ఏం అడిగారో, అదే మాట మీ మంగని అడగండి. నేను పక్క గదిలో ఉంటాను’ అన్నారు. తలుపు దగ్గరగా వేసి నన్నూ బయటికి తీసుకొచ్చారు. చాలాసేపటికి ఆయన వచ్చి, కండువాతో ముఖం తుడుచుకుంటూ, ‘పరీక్షలయ్యేదాకా పిల్ల ఎక్కడుంటదమ్మగారూ, మేం తోటకి పోతే?’ అని అడిగాడు. ‘మా ఇంట్లో ఉంటుందండి’ అన్నారు ఆవిడ.

మంగ పరీక్ష రాసింది, పాసయింది. పదో తరగతి తర్వాత చదువు మాత్రం ఆగిపోయింది. మా వల్ల కాలేదు. రెడ్డిగూడెంలో కాపురం పెట్టి, మిషన్ కొనుక్కుని, ఊరి పిల్లలకు జాకెట్లు కుట్టేదని తర్వాత విన్నాను. సినిమా మారిపోయింది, ఎండలు ముదిరాయి, పిల్లలు మళ్ళీ నీళ్ళ గది ముందు తోసుకున్నారు. నాగమ్మ ఉద్యోగం నిలిచింది. కానీ అంతకుముందులా ఎదురొచ్చి గ్లాసు అందించడం మానేసింది. అడిగితేనే ఇచ్చేది. అది మాత్రం ఎవరూ బాగుచేయలేకపోయారు. నేను క్షమాపణ చెప్పడానికి వెళ్తే, ‘పోనీండమ్మా’ అని కడవ తోమడంలో పడిపోయింది.

తర్వాత నేను పై చదువు చదివి, టీచర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరాను. చేరిన కొత్తలో నూజివీడు వెళ్ళి కోటేశ్వరమ్మ గారిని చూశాను. అప్పటికి చూపు తగ్గి సూదిపని మానేశారు. ఆనాడు మన బడిలో జరిగినదానికి పుస్తకాల్లో ఒక పేరుందని, ఒకరి నుంచి ఒకరికి అది ఎలా పాకుతుందో రాశారని ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

‘పేరు బాగుంది’ అన్నారు చివరికి. ‘మొట్టమొదట పడిపోయిన పిల్లతో ఏం మాట్లాడాలో కూడా రాశారా అందులో?’

రాయలేదని ఒప్పుకున్నాను.

‘అయితే నువ్వు చెప్పు’ అన్నారు.

ముప్పై ఏళ్ళు చెప్పాను. ఎంతమంది విన్నారో తెలియదు. నా సంగతి నాకు తెలుసు. ఎవరైనా నా ఎదుట కోపంతోనో దుఃఖంతోనో ఊగిపోతుంటే, ఇప్పటికీ నా నోట్లోకి ముందు వచ్చేది వివరణే. దాన్ని మింగి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, చేతికి ఏదో ఒక పని ఇచ్చి, ఎదురుచూడటం ఆవిడ పెట్టిన అలవాటు. ఒక్కోసారి చాలాసేపు పడుతుంది. నేను తొందరపెట్టను.