మోకాళ్ళ లోతు ద్వారపాలకులు

కార్తీకమాసం రెండో సోమవారం ఉదయం ఏడుంబావుకి సత్తిరాజు మేస్త్రి నుదురు వెళ్ళి శివాలయం లోగుమ్మానికి తగిలింది. గుమ్మానికి ఏమీ కాలేదు.

ఆ సమయంలో ఆయన రాజమండ్రి నుంచి వచ్చిన యాత్రికులకి మండపం కప్పులో చెక్కిన తామరపువ్వు చూపిస్తున్నాడు. "తల పైకెత్తండి. ఎత్తే ఉంచండి" అని చెబుతూ, తన మాట తానే పాటించి ముందుకి నడిచాడు. యాత్రికులు ఫొటోల కోసం ఆగిపోయారు కాబట్టి బతికిపోయారు.

సత్తిరాజు నలభై ఏళ్ళు తాపీపని చేసి, మోకాళ్ళు మొరాయించాక మానేశాడు. చేతులు మానేసినా కళ్ళు మానలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీద వేళ్ళతో కొట్టి చూసి, ఆ తరవాతే "బాగున్నారా అండీ" అంటాడు. కడియానికి కాస్త అవతలున్న ఆ ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన కట్టినవే. వాటిలో ఒక్కదాన్నీ మెచ్చుకోడు. చాళుక్యుల నాటి ఈ గుడిని మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి మెచ్చుకుంటాడు. "సిమెంటు లేదు, సున్నం లేదు. రాయి మీద రాయి. మధ్యలో గోరు దూరితే నన్నడగండి" అని వచ్చినవాళ్ళందరి గోళ్ళూ పరీక్షకి పెట్టిస్తాడు.

"దేవుణ్ణి చూద్దాం రమ్మంటే దూలాలు చూస్తారీయన" అంటుంది భార్య వీరవేణి. గుళ్ళో ఆవిడ మెచ్చే శిల్పం వేరే ఉంది. మండపం మూల, నేలమీది గ్రానైట్ పలకలో చెక్కిన "తాపీపని: సత్తిరాజు మేస్త్రి" అన్న అక్షరాలు. 2003 పుష్కరాల ముందు నేలంతా ఆయనే పరిచాడు. చుట్టాలొస్తే ఆవిడ ముందు అక్కడికే తీసుకెళ్తుంది. శివుడు తరవాత.

బొప్పి మీద తడిగుడ్డ పెట్టుకుని సత్తిరాజు గుమ్మం ముందే కాళ్ళు చాపుకుని కూలబడ్డాడు. కూర్చుంటేగానీ కనబడనిది అప్పుడు కనబడింది. గుమ్మానికి రెండు పక్కలా ఉన్న ద్వారపాలకులకి పాదాల్లేవని ఎప్పుడూ తెలిసిందే. కానీ చెక్కడం మోకాళ్ళ దగ్గర ఆగలేదు, గ్రానైటు కిందికి దిగిపోయింది. గదలు పట్టుకుని వరినాట్లకి దిగినట్టున్నారు.

ఇన్నేళ్ళూ ఆయన చెబుతూ వచ్చింది, "అప్పటి శిల్పులు మోకాళ్ళ దాకానే చెక్కేవారండి, అదో పద్ధతి" అని. పూజారిగారు ఇంకాస్త ముందుకెళ్ళి, మనిషి అహంకారం వంగాలనే పెద్దలు గుమ్మం పొట్టిగా పెట్టారని చెబుతారు. రెండూ జనం ఫోన్లలో రికార్డు చేసుకున్నారు కూడా.

సత్తిరాజుకి పుష్కరాల తొందర గుర్తొచ్చింది. పాత బండలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని, తవ్వే టైము లేదని, వాటి మీదే కాంక్రీటు పోసి గ్రానైటు వేశాడు. గడప కూడా అడుగునే ఉండిపోయింది. ద్వారపాలకుడి తొడ ఎంతుందో చెయ్యి పెట్టి కొలుచుకున్నాడు, కింద పూడింది కూడా అంతే ఉండాలి. సరిగ్గా జానెడు.

ఇంతలో గుడి కమిటీ ఛైర్మన్ రమేష్ బాబు రాయి కోసే మెషీన్ మోయించుకుని వచ్చాడు.

"ఈ నెలలో ఏడు తలలు తగిలాయి మేస్త్రిగారూ. మీతో ఎనిమిది. ఇంక లాభం లేదు, పైరాయి ఓ ఆరంగుళాలు లేపేద్దాం. మీరు గీత గీసివ్వండి చాలు."

పైరాయి మీద గజలక్ష్మి ఉంది, అటో ఏనుగు ఇటో ఏనుగు.

"ఆరంగుళాలంటే ఏనుగుల కాళ్ళు పోతాయండి."

"కాళ్ళేగా? తొండాలుంటాయి కదండీ."

"సోమవారం రాయి కొయ్యకూడదండి బాబూ."

"రేపు?"

"మంగళవారం అసలు కూడదు."

"మీరు దేవుడికి దణ్ణం పెట్టడమే ఎప్పుడూ చూళ్ళేదు, వారాలెప్పుడు నేర్చుకున్నారండీ? చూడండి, మీ నేల అద్దంలా ఉంది. ఆ కాలం వాడెవడో కొలత తప్పాడు, మనం సరిచేస్తున్నాం. అంతే" అని రమేష్ బాబు సుద్దముక్క చేతిలో పెట్టాడు.

గుమ్మం నిలవాలంటే నేల తవ్వాలి. నేల తవ్వాలంటే, జన్మలో తన పేరు చెక్కించుకున్న ఒకే ఒక్క పని పలుగుకింద పోవాలి. పైగా ఎందుకు తవ్వాలో నలుగురిలో చెప్పాలి. మూలన వీరవేణి ఓ యాత్రికురాలికి ఆ అక్షరాలు చూపించడానికి, బొప్పికని తెచ్చిన రెండో తడిగుడ్డతో పలక తుడుస్తోంది.

సత్తిరాజు సుద్దముక్క పట్టుకుని లేచాడు. ఏనుగుల కాళ్ళవైపు చూశాడు. ద్వారపాలకుల కాళ్ళుండాల్సిన చోటు చూశాడు. చెయ్యి పైకి లేవలేదు.

అప్పుడే రాజమండ్రి బృందంలో పొడుగాటి పెద్దమనిషి ఒకాయన, మేస్త్రి చెప్పినట్టే తల పైకెత్తుకుని తామరపువ్వు చూస్తూ వచ్చి తొమ్మిదో తల తగిలించాడు. మండపమంతా వినబడింది.

"అబ్బా! ఎవడండీ ఈ గుమ్మం కట్టింది? కొలతలు తెలీవా వాడికి?"

రమేష్ బాబు 'చూశారా' అన్నట్టు తలూపాడు. సత్తిరాజు ఒకసారి వీరవేణివైపు చూసి, సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

"గుమ్మం కట్టినవాడు బాగానే కట్టాడండి, నేల పరిచింది నేను."